చెవి కింద గోరంత చోటు

అసలు ముట్టుకోనే లేదు కదా, అనుకున్నాడు మేస్త్రి.

మూడు రోజులుగా మనసులో మెదులుతూ, పట్టుకోబోతే జారిపోతున్నది ఇదేనని, ఈ చర్మం డాక్టరు గది బయట బల్ల మీద కూర్చున్నాక గానీ తట్టలేదు. సోమవారం ఆ లేజరు సెంటరులో తెల్లకోటు మనిషి ఎంత మర్యాద చేశాడు! మెత్తటి సోఫాలో కూర్చోబెట్టాడు, కాఫీ ఇచ్చాడు, గోడంత టీవీలో ముఖాల ఫోటోలు చూపించాడు, శనివారం పొద్దున పదింటికి రమ్మని పేరు రాసుకున్నాడు. ముఖం మీద మాత్రం ఒక్క వేలైనా ఆనించలేదు. గడ్డం కింద ఏముందో చూడలేదు.

మేస్త్రి పని పాత సామానుకి పాలిష్ పెట్టడం. బీరువాలు, రాతబల్లలు, చేతుల కుర్చీలు వస్తాయి. పాత పూత గీకి, ఉప్పుకాగితం పట్టి, లక్క పూసి మెరుపు తెస్తాడు. ఇన్నేళ్ళలో ఏ బల్లనూ తిరగేసి చూడకుండా పనికి ఒప్పుకోలేదు. తెచ్చినవాళ్ళు పైన చెయ్యి వేసి "ఇక్కడ గీత పడిందండీ" అని చూపిస్తుంటే, అతను వాళ్ళ మాట వింటూనే బల్లని బోర్లా పడుకోబెట్టేవాడు. చెక్క తన నిజం అడుగున చెబుతుంది. అలాంటి మనిషి, తననెవరూ తిరగేసి చూడకుండానే శనివారానికి ఒప్పుకుని వచ్చేశాడు.

ఎందుకు ఒప్పుకున్నాడు?

బల్ల మీద కాస్త జరిగి గోడకి ఆనుకున్నాడు. అప్పుడు గమనించాడు. మూడు బల్లలు ఖాళీగా ఉంటే, ఎడమవైపు గోడ ఉన్న బల్లనే ఎంచుకున్నాడు. ఎంచుకున్నాడు అనడం కూడా తప్పే. కాళ్ళే తీసుకొచ్చి కూర్చోబెట్టాయి. బస్సులో ఎడమ కిటికీ పక్క సీటు, ఫోటోలో ఎడమ చివర, వర్క్‌షాపులో తలుపు ఎత్తాల్సి వస్తే కిటికీకి కుడి చెంప చూపించే కొస. పదహారో ఏట మొటిమలు వచ్చి పోతూ పోతూ గుంటలు పెట్టి పోయాయి, ఎడమ చెంప మీద మరీ. ఇరవై మూడో ఏట గడ్డం పెంచాడు. ఇప్పుడు నలభై నాలుగు. ఆ గడ్డం ముఖం మీద లేదు, ముఖమే దాని వెనక ఎక్కడో అద్దెకుంటోంది.

రెండు నెలల కింద దగ్గు పట్టుకుని వదలకపోతే ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఫిల్టరు మాస్కు తీసుకురమ్మని, తగిలించుకోమని, చుట్టూ వేలు పోనిచ్చి చూసి నవ్వాడు. "ఈ గడ్డం మీద మాస్కు ఆనదయ్యా. అంచుల్లోంచి థిన్నరు పొగంతా లోపలికే పోతోంది. గడ్డమన్నా తియ్యి, పనన్నా మాను."

రెండే దారులు చెప్పాడు ఆయన. ఇంటికి నడిచొచ్చేలోపు మేస్త్రి మూడోది కనిపెట్టాడు. ముందు గుంటలు పూడిపించుకోవాలి. ఆ తరవాతే గడ్డం తియ్యాలి. పాత ముఖం ఎవరి కంటా పడకుండా, చీకట్లో సామాను మార్చినట్టు, కొత్త ముఖంలోకి దిగిపోవాలి.

"ఏం బావా, ఈ వయసులో ముఖానికి మెరుగులంటున్నావు?" అన్నాడు వర్క్‌షాపులో కలిసి పనిచేసే వడ్రంగి బావ. మేస్త్రి భార్యకి అన్న అతను. నోట్లో మేకులు పెట్టుకుని మరీ మాట్లాడతాడు. "రెండో పెళ్ళి ఆలోచనేమన్నా ఉంటే ముందే చెప్పు. మా చెల్లెలికి కూడా ఒక సంబంధం చూసి ఉంచుతా."

"నీ చెల్లెల్ని ఇంకెవడు భరిస్తాడు బావా?"

"అదీ నిజమే. ఉండు, నువ్వే ఉండు."

లేజరు సెంటరు అడ్రసు ఇచ్చింది ఆ బావే. అతని దగ్గర గుమ్మాలు చేయించుకున్న ఒకావిడ అక్కడికి వెళ్ళిందట, ముఖం అరిటాకులా ఉందట.

అరిటాకు సంగతి ఏమో గానీ, ఆ టీవీలో ఫోటోలు చూస్తున్నప్పుడే మేస్త్రికి ఒక కిటుకు కనపడింది. 'ముందు' ఫోటోలన్నిటిలోనూ వెలుతురు పక్కనుంచి పడుతోంది. 'తరవాత' ఫోటోల్లో ఎదురుగా పడుతోంది. పక్క వెలుతురులో ఆవగింజంత గుంటైనా నీడ పోస్తుంది. ఎదురు వెలుతురులో చెరువంత గుంటైనా కనపడదు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు, తనూ అదే చేస్తాడు. పాలిష్‌కి ముందు బీరువాని కిటికీ పక్కన పెట్టి ఫోటో తీస్తాడు, అయ్యాక ట్యూబులైటు కింద తీస్తాడు.

"మెషీను పట్టేది ఎవరండీ?" అని అడిగాడు తెల్లకోటుని.

"మా టీమ్ ఉంది సార్."

"డాక్టరుగారు?"

"మేడమ్ వారానికోసారి విజిట్ చేస్తారు. అయినా మెషీన్ మొత్తం ఆటోమేటిక్ సార్. ఒక్క సిట్టింగులో మీ ఫేసు అద్దంలా వస్తుంది చూడండి."

అద్దంలా. తను రోజుకి నాలుగుసార్లు అనే మాట.

గోడకి ఒక సర్టిఫికెట్ వేలాడుతోంది. ఊరికే ఉండలేక దాని ఫ్రేము చూశాడు. టేకులా కనపడుతున్న కాగితం అంటించిన అట్టచెక్క. లోపలి కాగితం మీద తెల్లకోటు పేరు, మెషీను కంపెనీ ముద్ర, మూడు రోజుల శిక్షణ పూర్తి చేసినట్టు రెండు సంతకాలు.

ఇన్ని చూసి కూడా ఒప్పుకున్నాడు. ఎందుకంటే, ఈ గోడ పక్కన కూర్చున్నాక ఇప్పుడు దాచుకోవాల్సిన పని లేకుండా తెలుస్తోంది, ఆ మనిషి ముట్టుకోకపోవడమే తనకి అన్నిటికన్నా హాయిగా అనిపించింది. "గడ్డం మేమే తీసేస్తాం సార్, ఐదు నిమిషాలు, తరవాత క్రీము, తరవాత లేజరు" అన్నాడు. చూడకుండానే బాగుచేస్తానన్నాడు. తను వెతుక్కుంటూ వెళ్ళింది డాక్టరు కోసం కాదు, కళ్ళు మూసుకుని పనిచేసే మనిషి కోసం.

ఆ సంగతి తెలియకపోయినా అడ్డం పడింది భార్య. ఆవిడ ఉద్యోగం సర్టిఫికెట్ల పరిశీలన విభాగంలో. పొద్దున్నించి సాయంత్రం దాకా జనం తెచ్చిన కాగితాల్లో ఏది అసలు, ఏది నకలు అని తేల్చడమే పని.

"మూడు రోజులా?" అంది అన్నం వడ్డిస్తూ. "మా ఆఫీసులో జిరాక్సు మెషీను వాడటానికే వారం నేర్పించారండీ నాకు."

"నువ్వు నెమ్మదిగా నేర్చుకుంటావు."

"నేను నెమ్మదిగా నేర్చుకున్నా కాగితం కాలిపోతే ఇంకోటి ఉంటుంది. మీకు ఇంకో చెంప ఉందా? అదీ ఇలాంటిదేగా."

ఆ రాత్రే కరెంటు బిల్లు వెనక మూడు ప్రశ్నలు రాసి, మడిచి, అతని చొక్కా జేబులో పెట్టింది. చర్మవైద్యంలో పై చదువు చదివిన డాక్టరు అడ్రసు కూడా ఆఫీసులో నలుగుర్ని అడిగి తనే పట్టుకొచ్చింది. "వెళ్ళి రండి. నచ్చకపోతే మీ అద్దం మనిషి ఎక్కడికీ పోడుగా, శనివారం దాకా ఉన్నాడు."

లోపలినుంచి పిలిచారు.

గది చిన్నది. డాక్టరుకి యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతోంది. మేస్త్రి లోపలికి వస్తూనే ఎడమవైపు గోడ ఉన్న కుర్చీ చూసుకుని అటు నడిచాడు.

"అక్కడ కాదండీ, అది నా బ్యాగు కుర్చీ. ఇటు రండి, కిటికీ దగ్గరికి." కుర్చీ తనే లాగి, ఎడమ చెంప వెలుతురుకి వచ్చేలా వేసింది.

ముఖం సంగతి ఎత్తనే లేదు. ఏం పని చేస్తారు, ఆ దగ్గు ఎందుకొస్తోంది, ఎండలో తిరుగుతారా, మొటిమల మాత్రలేమైనా వాడుతున్నారా, పెదాల మీద జ్వరప్పొక్కులు వస్తుంటాయా, దెబ్బ తగిలితే మచ్చ ఎత్తుగా లేస్తుందా, ఇవన్నీ అడిగి రాసుకుంది. రాస్తూ రాస్తూ అతని ముంజేయి పట్టుకుని తిప్పి చూసింది. అక్కడ అరచేతి పొడవున పాత మచ్చ.

"ఇదేంటి?"

"వేడి జిగురు గిన్నె పడిందండీ. ఆరేళ్ళయింది."

"మానాక ఎన్నాళ్ళు నల్లగా ఉంది?"

మేస్త్రి ఆలోచించాడు. "రెండేళ్ళు ఉందేమో. ఇప్పటికీ కొంచెం."

"ఊ. మీ చర్మం ముందే చెప్పేసింది. కాలితే నల్లబడతానని." పెన్ను పక్కన పెట్టింది. "లేజరు కూడా కాల్చడమే. లెక్క ప్రకారం, చుక్కలు చుక్కలుగా. ఎక్కువ పెడితే గుంట పోయి నలుపొస్తుంది. ఇప్పుడు గడ్డం విడదీసి చూస్తాను. పర్వాలేదా?"

ఇరవై ఒక్క ఏళ్ళలో ఈ ప్రశ్న అతన్ని అడిగినవాళ్ళు లేరు. భార్య అడగలేదు. అడగకపోవడం మంచితనం అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్ళూ. పర్వాలేదన్నట్టు తల ఊపాడు గానీ చేతులు కుర్చీ అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

వెంట్రుకల్ని పాయలు పాయలుగా తీస్తూ, చిన్న టార్చిని చెంపకి పక్కగా ఆనించి చూస్తోంది. పక్క వెలుతురు. తను బల్ల మీద దీపం అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి చూసే చూపే ఇది. వేలి చివరతో చర్మాన్ని లాగి వదులుతోంది, ఏ గుంట సాగితే మాయమవుతోంది, ఏది కాదు అని. ఆ వేలికి జాలి లేదు, అసహ్యమూ లేదు. పని ఉంది. చెక్క మీద తన వేలికీ అంతే. బల్లలు తన ముందు ఎందుకంత నిశ్చింతగా పడుకుంటాయో ఒక్క క్షణం తెలిసినట్టయింది.

అప్పుడే ఆ రాతబల్ల గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కిందటిది, రిటైరయిన ఒక హెడ్మిస్ట్రెస్‌ది. ఒకే చెక్క అనుకున్నాడు. తిరగేసి చూశాడు కూడా. కానీ చూడాల్సిన అంచుని చూడలేదు. పైన ఉన్నది కాగితమంత పల్చటి మేలురకం పొర, అడుగున నాసిరకం చెక్క. మందం తెలియకుండా ఉప్పుకాగితం పట్టాడు. నాలుగు రుద్దులకి అరచేతంత మేర పొర కరిగి లోపలి పాలిపోయిన చెక్క బయటపడింది. రెండు రోజులు కూర్చుని రంగులు కలిపి, ఆకు ఈనెల్లాంటి గీతలు కుంచెతో గీసి కప్పేశాడు. ఆవిడ చూసి "చక్కగా వచ్చింది నాయనా" అంది. అతను నోరు విప్పలేదు.

"అయిపోయింది, ఇటు తిరగండి" అని డాక్టరు చేతులు కడుక్కుంది. "ఇరుకుగా లోతుగా ఉన్న గుంటలు కొన్ని ఉన్నాయి. వాటికి లేజరు పెద్దగా ఏం చెయ్యదు, వేరే పద్ధతులున్నాయి. వెడల్పుగా ఉన్నవాటికి పనికొస్తుంది. నెలా నెలన్నరకొకటి చొప్పున నాలుగైదు సార్లు. అన్నీ కుదిరితే సగం తగ్గుతాయి. సగం తగ్గితే నేను మంచి పని చేశాననుకుంటాను."

"సగమేనా?"

"అద్దంలా చేస్తామని ఎవరైనా చెప్పారా?"

మేస్త్రి జేబులోంచి కరెంటు బిల్లు తీశాడు. డాక్టరు కళ్ళజోడు పెట్టుకుంది. "ఇదేంటి, బిల్లు నన్ను కట్టమంటారా?"

"మా ఆవిడ రాసిందండీ." గొంతు సవరించుకుని చదివాడు. "ఒకటి, రిజిస్ట్రేషన్ నంబరు. రెండు, మెషీను మీరే పడతారా, ఇంకెవరికైనా ఇస్తారా."

"నంబరు ఈ చీటీ మీదే ఉంది, వైద్య మండలి జాబితాలో వెతికితే దొరుకుతుంది. వెతకమనండి. మెషీను నేనే పడతాను. నేను లేని రోజు ఇక్కడ లేజరు ఉండదు. మూడోది?"

మూడో ప్రశ్న ఖర్చు గురించి. అది వదిలేశాడు మేస్త్రి. దాని బదులు వేరే మాట బయటికొచ్చింది, తనకే తెలియకుండా.

"మీ చేతిలో చెడిపోయినవి ఉన్నాయా?"

డాక్టరు కళ్ళజోడు తీసి దారానికి వదిలేసింది.

"రెండు. ఒకామెకి చెంపంతా నల్లబడింది, ఎనిమిది నెలలకి సర్దుకుంది. ఇంకో అబ్బాయికి దవడ దగ్గర నీడ ఇప్పటికీ ఉంది. ఎక్కువ పెట్టాను. నా తప్పేనని అతనికీ చెప్పాను. ఏడాదికోసారి వచ్చి చూపించుకుపోతుంటాడు."

తను పన్నెండేళ్ళుగా అనలేని మాటని ఈవిడ చీటీ మీద మందు రాసినంత మామూలుగా అనేసింది.

"నా చేతిలో ఒక బల్ల చెడిందండీ. చెప్పలేదు వాళ్ళకి."

"బల్లకి నొప్పుండదు లెండి. నాకు ఆ వెసులుబాటు లేదు." నవ్వింది గానీ చూపు అతని మీదే ఉంచింది. "బల్లైతే మీరు ముందు ఎక్కడ రుద్ది చూస్తారు?"

"అడుగున. ఎవరికీ కనపడని మూల."

"మనిషికి అడుగు లేదు కదా. అందుకని ఇక్కడ." వేలితో అతని ఎడమ చెవి కింద, దవడ మలుపులో తాకింది. "గోరంత చోటు. అక్కడ తక్కువ మోతాదులో పెట్టి, ఆరు వారాలు ఆగుతాను. నల్లబడకపోతే ముందుకి. వచ్చే గురువారం రండి. ఆ చోటు గొరుక్కుని రావాలి. గొరగ్గానే చర్మం ఎర్రగా ఉంటుంది, నాకు అసలు రంగు చూడాలి. కాబట్టి మంగళవారమే గొరగండి."

"అంటే రెండు రోజులు దాంతోనే తిరగాలా?"

"తిరగాలి."

"ఇక్కడే అప్పటికప్పుడు మీరు..."

"అద్దం ముందు ఒకసారి మీరే నిలబడితే మంచిది. ఇంకో మాట, అది నా విభాగం కాదు. గడ్డం వల్ల మాస్కు ఆనట్లేదన్నారు. ముఖం పనికి ఏడాది పడుతుంది. అప్పటిదాకా ఆ పొగ పీలుస్తూ కూర్చుంటారా? ఇందాకటి నుంచి నాలుగుసార్లు దగ్గారు."

మూడో దారి లేదన్నమాట. చూపించకుండా బాగుపడే దారి.

సాయంత్రం భార్య చీటీ మీది నంబరు తీసుకుని ఫోనులో జాబితా వెతికింది. పేరు, చదివిన చదువు, సంవత్సరం అన్నీ సరిపోయాయి. ఆవిడ ముఖంలో ఆఫీసు తృప్తి కనపడింది. "అసలు కాగితమే" అంది.

మేస్త్రి లేజరు సెంటరుకి ఫోను చేసి శనివారం రావడం లేదన్నాడు. అటువైపు అమ్మాయి ఎందుకు సార్, ఆఫర్ ఉంది సార్, చేతులకి ఫ్రీ సార్ అంది. "చేతులు బానే ఉన్నాయమ్మా" అని పెట్టేశాడు. నిజానికి కాసేపు అద్దంలాంటి ముఖం ఒకటి కళ్ళముందు వెలిగి, ఆరింది. సగం అన్న మాటే మిగిలింది. సగం కోసం ఏడాది. అదైనా చెవి కింద చోటు ఒప్పుకుంటే.

"మీకో సంగతి చెప్పనా?" అంది భార్య, లైటు తీసే ముందు. "పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఆ గడ్డం కింద ఏముందో నా చేతులకి తెలుసు. కళ్ళకే తెలీదు."

"చూసి ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, పరిశీలిస్తాను. నా ఉద్యోగమే అది."

మంగళవారం మధ్యాహ్నం దాకా పని ఏదో ఒకటి అడ్డొస్తూనే ఉంది. లక్క కలిపాడు, కుంచెలు కడిగాడు, కడిగిన కుంచెలే మళ్ళీ కడిగాడు. గడ్డం గీకుడు కత్తి చొక్కా జేబులో ఉంది. వెనక బాత్రూములో అరచేతంత అద్దం ఉంది, అక్కడ ట్యూబులైటు ఎదురుగా పడుతుంది. దానివైపు రెండుసార్లు నడిచి వెనక్కొచ్చాడు. చివరికి కిటికీ దగ్గర నిలబెట్టిన అద్దాల బీరువా ముందుకొచ్చి ఆగాడు.

"ఏం బావా, అద్దానికి కూడా పాలిష్ పెడుతున్నావా?" బావ తలుపు చెక్క మీద చిత్రిక పడుతున్నాడు, రిబ్బన్లలా పొట్టు కాళ్ళ చుట్టూ పడుతోంది.

"పెన్సిలు ఇలా ఇవ్వు."

బావ చెవి మీది పెన్సిలు తీసి విసిరాడు. మేస్త్రి తువ్వాలు తడిపి దవడ తుడిచి, చెవి కిందుగా చిన్న చదరం గీసుకున్నాడు, గుబురులో గీత సగమే పడింది. కత్తెరతో అక్కడి వెంట్రుకలు పొట్టిగా కత్తిరించాడు. చిత్రిక చప్పుడు ఆగింది. బావ చూస్తున్నాడని అద్దంలో కనపడింది. చూడనీ అని అనుకోలేకపోయాడు. అయినా గీకుడు కత్తి ఆనించి, పైనుంచి కిందికి మూడుసార్లు లాగాడు.

గోరంత చోటు. ఎండ తగలక మిగతా ముఖం కన్నా పాలిపోయి ఉంది. అందులో రెండు గుంటలు, ఒకటి ఇరుకు, ఒకటి వెడల్పు. పక్క వెలుతురులో రెండిటికీ నీడలున్నాయి. అంతే ఉన్నాయి.

"ఇంతేనా?" అన్నాడు బావ వెనకనుంచి. "ఇరవై ఏళ్ళు అంత గోడ కట్టింది దీనికా? నేనింకా ఏ నిధో అనుకున్నా."

"మిగతా నిధి ఇంకా గోడ వెనకే ఉంది. నోరు మూసుకో బావా."

"మూస్తాగానీ, వచ్చి ఈ తలుపు పట్టు. ఒక్కడి వల్ల కావట్లా."

మేస్త్రి దవడ తుడుచుకుని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తలుపుకి ఆ కొస దగ్గర బావ వంగి ఉన్నాడు. ఈ కొసన తను ఎప్పుడూ నిలబడే చోటు ఒకటుంది. అక్కడిదాకా నడిచాడు, ఆగాడు, తలుపు చుట్టూ తిరిగి అవతలి కొసకి వెళ్ళి, బావని ఇటు పంపి, కిటికీ వెలుతురు ఎడమ చెంప మీద పడేలా నిలబడి, చెక్క కింద చేతులు పెట్టి ఎత్తాడు.